అంచు పట్టీలు

ఒక్క వారం తప్ప ఆ ఎండాకాలమంతా నా గది తలుపు మూసుకోలేదు. తలుపుకు చెద పట్టలేదు, బందులూ ఊడలేదు. మా బాపు కొనుక్కొచ్చిన టేకు పట్టీలు నా గది కన్నా మూరెడు పొడుగు. అదే కారణం.

ఏప్రిల్‌లో బల్లార్షా నుంచి ఆటో ట్రాలీలో వచ్చాయవి. కోత మిల్లు పొట్టు ఇంకా వాటిని వదల్లేదు. గోడా పైకప్పూ కలిసే చోట చుట్టూరా కొట్టే అలంకారపు పట్టీలు. ఒక అంచు సన్నగా, ఒక అంచు ఉబ్బుగా, నడుమ పొడుగునా రెండు గాడులు. తుకుం బస్తీలో ఎవరింటికో ప్రార్థన కూటానికి వెళ్లినప్పుడు బాపు మొదటిసారి అలాంటివి చూశాడు. అందరూ తలలు వంచి కళ్లు మూసుకుంటే ఆయన మాత్రం తలెత్తి పైకే చూస్తూ ఉండిపోయాడు. మీ బాపుకు ఏదో దర్శనమైందని ఇద్దరు ముగ్గురు నాకు ఫోన్ చేసి మరీ చెప్పారు.

"చీరకు అంచు లేకుంటే ఏం చీర? ఇంటికి గూడ గంతే," అన్నాడు బాపు, ట్రాలీలోంచి మొదటి పట్టీ దించుతూ.

"మనది ఇల్లు బాపూ, చీర కాదు."

"నీకు తెల్వది. ఆ కొస పట్టు."

పట్టాను. ఆ క్షణంలో కొస పట్టకుండా ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

కొట్టే ముందు కొన్నాళ్లు పట్టీలను ఇంట్లోనే పడుకోబెట్టి ఉంచమని మిల్లువాడు చెప్పాడట. కట్టె ఇంటి గాలికి అలవాటు పడాలని. ఇంతవరకు బాగానే ఉంది. కానీ పట్టీలు కొట్టాల్సింది హాల్లో. మా హాలు పడమటి ముఖం, మధ్యాహ్నమైతే పెనం. మా లాల్‌పేట్ ఎండలో అక్కడ పెడితే పగిలిపోతాయని బాపు భయం. ఇంట్లో ఒకే ఒక కూలర్ ఉంది, అది నా గదిలో ఉంది. కాబట్టి పట్టీలు నా గదికి వచ్చాయి. కిటికీలోని కూలర్ కింద మొదలై, నా మంచం పక్కనుంచి, ఇటుకల మీద వరసగా పడుకుని, గడప దాటి హాల్లోకి తొంగి చూస్తూ.

"హాల్లో కొట్టేవాటిని కూలర్ గదిలో పెడితే అలవాటయ్యేది కూలర్‌కే కదా బాపూ," అన్నాను.

"ఎండిన కట్టెను నమ్మొద్దు జెరీ. గనిల పచ్చి దిమ్మ ఐతే ముందుగాల్నే మూలుగుతది, పైన బరువొస్తుంది, తప్పుకోండ్రా అని. ఎండింది చెప్పకుంటనే ఇరుగుతది."

బాపు ముప్పై ఏళ్లకు పైగా గనిలో టింబర్‌మన్. భూమి కింద పైకప్పు కూలకుండా కట్టె దిమ్మలు నిలబెట్టడం ఆయన పని. కట్టెను ఆయన ప్రాణం కాపాడే వస్తువుగానే చూశాడు తప్ప అందంగా కనిపించాల్సిన వస్తువుగా ఎప్పుడూ చూడలేదు.

"వీటి మీద ఏ బరువూ పడదు. ఊరికే గోడకు అంటుకుని ఉంటాయి."

"కట్టె కట్టెనే."

గోడకు నిలబెడితే వంగుతాయన్నాడు. మూరెడు కోసేద్దామంటే అతుకు కనబడుతుందన్నాడు. గోడంతా ఒక్కటే పట్టీ ఉండాలి. దేనికైనా ఆయన దగ్గర ఒక జవాబు ఉంది. ప్రతి జవాబు చివర నా తలుపు తెరిచే ఉంది.

అసలు సంగతి పట్టీలు కాదు. బాపు అరవై రెండో ఏట మళ్లీ పెళ్లి చేసుకోబోతున్నాడు. అమ్మ పోయి ఆరేళ్లైంది. ఆమె పేరు రోజీ. జివతి కొండ మీద ఊళ్లలో నర్సుగా పనిచేసి రిటైరై, అక్కడే ఒక చిన్న ఇల్లు కట్టుకుని ఒక్కతే ఉంటోంది. పెళ్లి ఎన్నడూ చేసుకోలేదు. చర్చివాళ్ల సభల్లో పరిచయం. పెళ్లయ్యాక ఆమె కొండ దిగి మా ఇంటికి వస్తుందని మాట అయింది. ఆ మాట అయిన మర్నాడే బాపు తుకుంలో ఆ పైకప్పు చూశాడు. ఇక అంతే. పట్టీలు కొట్టాకే పెళ్లి అన్నాడు.

చర్చిలో పెళ్లి ప్రకటన మూడు ఆదివారాలు చదువుతారు. చదివాక రెండు నెలల్లోపు పెళ్లి కావాలి, లేకపోతే మళ్లీ మొదటి నుంచి చదవాలి. అంటే ఒక మనిషి మిగిలిన జీవితం తోడుతో గడవాలా, ఒంటరిగా గడవాలా అన్నది పోశన్న అనే వడ్రంగి తీరిక మీద ఆధారపడింది. పోశన్నకు తీరిక లేదు.

"ఉద్యా పక్కా, కాకా," అనేవాడు ఫోన్‌లో. రేపు ఖాయం అని. "పెండ్లిల సీజన్ గద. కాట్‌లు, అల్మారీలు, ఊపిరి సలుపుతలేదు."

"మాది గూడ పెండ్లేనయా," అనేవాడు బాపు, గొంతు తగ్గించి.

"ఎవలది? జెరీ అన్నదా? దేవుడు కరుణించిండు!"

బాపు ఫోన్ పెట్టేసేవాడు. ఈ సంభాషణ కొద్దిపాటి మార్పులతో ఎన్నిసార్లు జరిగిందో. ఒక్కసారి కూడా బాపు ఆ పొరపాటు దిద్దలేదు.

నా పని గురించి ఒక మాట చెప్పాలి. ఒక బీమా కంపెనీకి జనం చేసే ఫిర్యాదుల ఫోన్లు రికార్డవుతాయి. ఇంట్లో నా గదిలోనే కూర్చుని వాటిని విని, కంపెనీవాళ్లు ఓపిగ్గా జవాబిచ్చారా లేదా అని మార్కులు వేస్తాను. చెవులకు హెడ్‌ఫోన్, ఎదురుగా గోడ, వెనక మూసిన తలుపు. చాలా ఏళ్లుగా నా జీవితం ఈ మూడింటి మధ్య సరిపోయింది. మూసిన తలుపు వెనక మనిషికి ఒక హద్దు ఉంటుంది, తాను ఎక్కడ ముగుస్తాడో తెలుస్తుంది. తలుపు తెరిస్తే ఆ హద్దు చెదిరిపోతుంది. వంటింట్లో గిన్నె పడితే నాలో పడ్డట్టే. పక్కింటి ఎల్లమ్మ వాకిట్లోంచే నా మంచం చూసి "ఇంక లేవలేదా జెరీ" అనేది. ఇతరుల ఓపికకు మార్కులు వేసే ఉద్యోగంలో నా ఓపిక రోజురోజుకూ కరిగిపోయింది.

అన్నిటికన్నా కష్టం బాపు ఫోన్లు. గనిలో పనిచేసినవాళ్లు మెల్లగా మాట్లాడరు. పైగా ఆయన స్పీకర్ పెట్టి, ఫోన్‌ను రొట్టెలా అరచేతిలో పట్టుకుని మాట్లాడతాడు.

"రోజీ సిస్టర్, ప్రైజ్ ద లార్డ్. కట్టెలు ఒక్క దిక్కు ఉబ్బినట్టు కొడ్తున్నయ్."

"ప్రైజ్ ద లార్డ్, బ్రదర్. మంచాన పడ్డ పేషెంట్‌ను ఒక్క దిక్కే పండబెడ్తే ఏమైతది? పుండ్లు పడ్తయ్. తిప్పుతుండాలె."

ఇక మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే బాపు నా గదిలోకి వచ్చి, వంగి, ఒక్కో పట్టీని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పేవాడు. పాత బనియన్‌తో తుడిచేవాడు. ఆయన మోకాళ్ల చప్పుడుకు నాకు మెలకువ వచ్చేది.

చర్చిలో వాళ్లు ఒకరినొకరు బ్రదర్, సిస్టర్ అనుకుంటారు సరే. మొదటి ప్రకటన చదివాక కూడా అలాగే అనుకుంటుంటే పాస్టర్ అయ్యగారే నవ్వి, "ఇంకా బ్రదర్ ఏందమ్మా, నేను ఈ పెండ్లి ఎట్ల చేయాలె?" అన్నారు. ఇద్దరూ సిగ్గుపడి, అదే కొనసాగించారు.

తెరిచిన తలుపు వల్ల నాకు తెలిసింది ఒకటుంది. ఇన్ని వారాల్లో ఆ ఇద్దరూ పెళ్లి అన్న మాట ఎత్తనే లేదు. మాట్లాడిందంతా కట్టె గురించే. భయానికి రూపం ఉండదు, అందుకే మనసు దానికి చేతికి అందే వస్తువునొకదాన్ని వెతికి పెడుతుంది. కొలవడానికి, తిప్పడానికి, తుడవడానికి వీలైనదాన్ని. ఇదంతా నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన పొద్దున్నే కాలి చిటికెనవేలికి పట్టీ తగిలితే నొప్పి తగ్గదు.

మూడో ఆదివారం అయ్యగారు అబ్బయ్యకూ రోజీకీ పెళ్లని ప్రకటన చదివి, "ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే" అని పద్ధతి ప్రకారం ఆగారు. ముందు వరసలో కూర్చున్న బాపు వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఆయన చూస్తే అందరూ చూశారు.

బయట చెప్పులు వేసుకుంటుంటే ఎల్లమ్మ నా మోచేయి పట్టుకుంది. "ఏం జెరీ, నీకు ఇష్టం లేదా ఏంది?"

"నాకు అభ్యంతరం లేదమ్మా. పట్టీలకే ఉన్నట్టుంది."

ఆమెకు అర్థం కాలేదు. ఇష్టం లేదనే ఊరంతా చెప్పింది.

మే నడిమిలో పోశన్న వచ్చాడు. రెండు రోజులు హాల్లో నిచ్చెన, రంపం, పొట్టు, అతని ఫోన్‌లో ఆగకుండా మరాఠీ పాటలు. మా ఇంటి మూలలు ఒక్కటీ సరైన మూలలు కావని అప్పుడు బయటపడింది. ప్రతి మూల దగ్గరా రెండు పట్టీల కొసలు ఏటవాలుగా కోసి కలపాలి. కోయడం, కలవకపోవడం, మళ్లీ కోయడం. "ఇల్లు కట్టినోడు తాగి కట్టిండు కాకా," అన్నాడు పోశన్న. "నేనే కట్టిన," అన్నాడు బాపు. ఆ తర్వాత పాటలు కొంచెం తగ్గాయి.

అయినా పని పూర్తయింది. సాయంత్రం దీపం వేసి చూస్తే, నిజం చెప్పాలంటే, బాగుంది. పైకప్పు తెలుపుకూ గోడ ఆకుపచ్చకూ మధ్య గోధుమ రంగు గీత. హాలు ఇప్పుడే ఎవరో తల దువ్వి పంపినట్టుంది. బాపు నాలుగు మూలలూ తిరిగి చూసి, తలుపు దగ్గర నిలబడి ఇంకోసారి చూసి, జివతికి ఫోన్ చేశాడు.

"అయింది సిస్టర్."

"దేవునికి స్తోత్రం. ఇగ ఎప్పుడు?"

"జూన్ మొదటి వారం అందాం."

నేను నా గదికి వెళ్లి తలుపు మూసుకున్నాను. ఆ రాత్రి పట్టినంత నిద్ర ఆ ఏడాది మళ్లీ పట్టలేదు.

వారం తిరక్కుండానే మూలలు నోళ్లు తెరిచాయి. కూలర్ తడిగాలి తాగి ఉబ్బిన కట్టె, హాలు వేడికి ఒక్కసారిగా ముడుచుకుంది. కొసల మధ్య వేలు దూరే సందు. పడమటి గోడ మీది పట్టీ నడుమ విల్లులా ఉబ్బి, మేకును కూడా లాక్కుని బయటికొచ్చింది. పోశన్న వచ్చి రంపపు పొట్టులో జిగురు కలిపి సందులు పూడ్చాడు. రెండు రోజులకు ఆ పూత కూడా పగిలి, అన్నం తింటుంటే కంచంలో రాలింది.

నేను పనిలో ఉండగా హాల్లో కరకర చప్పుడైంది. వచ్చి చూస్తే బాపు స్టూలెక్కి పట్టీలు ఊడదీస్తున్నాడు.

"ఏం చేస్తున్నవ్?"

"తీసి మళ్ల పండబెడ్త. ఈసారి వానాకాలం దాంక ఉంచి కొడ్తం."

"వానాకాలం దాకనా? ప్రకటన గడువు అయిపోతది బాపూ!"

"మళ్ల చదువుతరు."

"మళ్లీ చదివితే మళ్లీ వెనక్కి తిరిగి నన్నే చూస్తవ్!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నేను మార్కులు వేసే గొంతుల్లో అది ఒకటైతే సున్నా వేసేవాణ్ణి. "ఆమె ఇక్కడికొచ్చి ఏం చేస్తది? మంచం మీద వెల్లకిల పడుకుని పైకప్పు చూస్కుంట ఉంటదా? నీకు పెళ్లి వద్దంటే వద్దను. కట్టె మీద ఎందుకు పెడ్తవ్?"

బాపు స్టూలు దిగలేదు. పట్టీ ఒక కొస ఊడి ఆయన భుజం మీద వేలాడుతోంది.

"గీ ఇంట్ల నేను ఏం చేసిన చెప్పు," అన్నాడు. "గోడలు లేపిన, గంతే. తర్వాత షిఫ్టు, నిద్ర, షిఫ్టు. సున్నం ఏసింది మీ అమ్మ. ఆకుపచ్చ రంగు మీ అమ్మ. మేకు ఎక్కడ కొట్టాలె, గడియారం ఎక్కడ పెట్టాలె, అంతా ఆమెనే. ఇంకో ఆమెను తోలుకొచ్చి గీ గోడల నడుమ ఎట్ల కూసోబెట్టాలె? నేను చేసింది అని చూపియ్యడానికి ఒక్కటన్న ఉండద్దా?"

మరి ఈ ఇంట్లో నేను చేసింది ఏముందని తట్టింది కానీ ఆ మాట నోటి దాకా రాలేదు. కింద పడ్డ మేకులు ఏరి ఆయనకు అందించి, నా గదికి వెళ్లాను. సాయంత్రానికి పట్టీలన్నీ మళ్లీ ఇటుకల మీదికి వచ్చాయి. తలుపు మళ్లీ తెరుచుకుంది.

అయ్యగారే ఫోన్ చేసి ఉంటారు. జూన్ మొదట్లో ఒక మధ్యాహ్నం రోజీ ఆంటీ బస్సు దిగి, ఆటోలో ఇంటి ముందుకొచ్చింది. పొట్టి మనిషి. తలకు తడి తువ్వాలు, చేతిలో గుడ్డ సంచి. వాకిట్లో నిలబడి, "నీళ్లు తెండి, తర్వాత మాట్లాడుదాం," అంది. నీళ్లు తాగి నేరుగా నా గదిలోకి వచ్చి, పట్టీలను వార్డులో పేషెంట్లను చూసినట్టు ఒక చివర నుంచి ఇంకో చివరకు చూసింది. ఒకదాన్ని వేలితో తట్టింది.

"మంచిగనే ఉన్నయ్ గద. ఎందుకు ఊడదీసిండ్రు?"

"సందులు పడ్డయ్," అన్నాడు బాపు, పరీక్ష తప్పినవాడిలా.

"పడనీయుండ్రి. ఒకటి కొట్టుండ్రి, ఎట్లుంటదో చూస్త. నేనింత దూరం వచ్చింది ఊరికే పోతనా?"

పోశన్నకు ఫోన్ చేస్తే ఉద్యా అన్నాడు. కాబట్టి నేను ఒక చివర బల్ల ఎక్కాను, బాపు ఇంకో చివర స్టూలెక్కాడు. పొడుగాటి పట్టీని ఇద్దరం రెండు చేతులతో పైకప్పుకు ఆనించి పట్టుకున్నాం. బాపు మేకులు పెదాల మధ్య పెట్టుకుని, నడుముకు సుత్తి దోపుకున్నాడు. హాలు కాలిపోతోంది. చెమట కళ్లలోకి కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి లేదు.

"సరిగ్గుందా ఆంటీ?" అన్నాను.

"కుడి దిక్కు జర పైకి. ఎక్కువైంది. జర కిందికి. ఆ, ఉండు." తలమీది తువ్వాలు తీసి మెడ తుడుచుకుంది. తర్వాత, "నిజంగ చెప్పాల్నా బాబూ? నాకు తెలుస్తలేదు. ఇన్నేండ్లు రేకుల కింద ఉన్న, మీదికి ఎన్నడూ చూడలే. పని చేసొచ్చి పండుకునేదాన్ని."

నా భుజాలు వణుకుతున్నాయి. తొందరగా కొట్టు బాపూ అని మనసులో వేడుకుంటున్నాను.

"అబ్బయ్య బ్రదర్," అంది ఆమె కింద నుంచి, అదే గొంతుతో, కుడి ఎడమ చెప్పినట్టే. "నా ఇంట్ల ఎవ్వలూ ఏ గోడకు ఏ రంగు ఎయ్యలే. ఇటుకలు ఇటుకలే ఉన్నయ్. మీరే అక్కడికి రారాదు?"

బాపు ఆగాడు. నోటి నిండా మేకులు. నా వైపు చూశాడు. చర్చిలో చూసినట్టు కాదు. పట్టీ బరువు నా చేతులు ఓపుతాయా లేదా అని చూసినట్టుంది. ఓపుతాయన్నట్టు నేను పట్టు బిగించాను. అప్పుడాయన ఆమె వైపు తిరిగి తల ఊపాడు. ఒక్కసారే. తర్వాత పెదాల మధ్య నుంచి ఒక మేకు తీసి, గురి చూసి, రెండు దెబ్బల్లో దించేశాడు.

"అయితే గా ఒక్క పట్టీ కొట్టి దిగుండ్రి," అంది రోజీ ఆంటీ. "చాయ పెడ్త. చక్కెర ఎక్కడుంటది?"

నేను చెప్పేలోపే తానే వెతుక్కుంది.

గడువు లోపలే పెళ్లి అయింది. అయ్యగారు సంతోషించారు. కొడుకే తండ్రిని వెళ్లగొట్టాడని ఎల్లమ్మ నలుగురితో అందట. నన్నడిగితే అందులో తప్పేమీ చెప్పను. కొస పట్టింది నేనే కదా. బాపు ఒక పెట్టె, రెండు జతల చెప్పులు, బైబిలు తీసుకుని కొండ బస్సెక్కాడు. హాల్లో ఒక గోడకు పట్టీ ఉంది, మూడు గోడలకు లేదు. మిగిలినవి ఇటుకల మీదే ఉండిపోయాయి. వచ్చినవాళ్లందరూ ఇదేం ఇల్లని అడిగేవారు. అందరికీ మొదటి నుంచి చెప్పే ఓపిక నాకు లేదు.

జులై చివర, విసిగిపోయి, ఒక నిర్ణయం అడుగుదామని జివతి వెళ్లాను. ఫోన్‌లో అడిగితే సిగ్నల్ లేదంటాడు. ఘాట్ రోడ్డు మలుపుల్లో బస్సు రెండుసార్లు ఆగింది. దిగేసరికి వాన. రోజీ ఆంటీ ఇంట్లో గోడలు ఎర్రగా, ఇటుకలు ఇటుకలుగానే ఉన్నాయి. బాపు గడప దగ్గర పీట మీద కూర్చుని చిక్కుడు తీగకు కర్రలు చెక్కుతున్నాడు. కొంచెం చిక్కాడు. ముఖం మాత్రం గనిలో సెలవు దొరికినప్పటి ముఖంలా ఉంది.

నేను రేకుల మీద వాన చప్పుడు మించి అరిచాను. "ఆ పట్టీలు ఏం చేయాలె బాపూ? అమ్మాల్నా? కొట్టియ్యాల్నా? తీసి అవతల పారెయ్యాల్నా? ఏదో ఒకటి చెప్పు, నా వల్ల అయితలేదు!"

ఆయన చెక్కడం ఆపి, నిదానంగా నా వైపు చూశాడు.

"నీ ఇల్లు," అన్నాడు. "నీ ఇష్టం."

విన్నాను. స్పష్టంగానే విన్నాను. అమ్మ ఇల్లు అని విన్నాను, బాపు ఇల్లు అని విన్నాను. ఈ మాట మాత్రం ఎవరి నోటా ఎన్నడూ వినలేదు. ఈ మాట కోసమేనేమో అంత దూరం, ఆ బస్సులో, ఆ వానలో వచ్చాను అనిపించింది. ఇంకోసారి వినాలని, చేతులు చెవుల దగ్గర పెట్టుకుని, వాన వల్ల వినపడనట్టు ముందుకు వంగాను.

"ఏమన్నవ్?"

బాపు మళ్లీ కర్ర చెక్కడం మొదలుపెట్టాడు.